మిద్దె తోట: బోరేజ్ వేరు, వామాకు వేరు

ఫిబ్రవరి సంచికలో మా మిద్దె మీద పూసిన బోరేజ్ గురించి నాలుగు వాక్యాలు రాశాను. నీలం నక్షత్రం లాంటి పువ్వనీ, తేనెటీగలు పొద్దుటి నుంచీ దాన్ని వదలవనీ, ఎండలు ముదిరితే నిలవదనీ చెప్పాను. ఆ నాలుగు వాక్యాలకే ఇప్పటికీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. విత్తే కాలం దగ్గరపడింది కనుక ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. గ్రీమ్స్‌పేట నుంచి వచ్చిన ఉత్తరానికి మాత్రం పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదు, అందిన రోజే ఫోన్ చేసి మాట్లాడాను. ఆ సందేహం ఇంకా ఎన్ని ఇళ్లల్లో ఉందోనని మళ్లీ ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మీరు రాసింది చదివి ఆన్‌లైన్‌లో బోరేజ్ మొక్క తెప్పించాను. ఆరు నెలల్లో కుండీ నిండా గుబురుగా పెరిగింది. ఆకు మందంగా ఉంది, నలిపితే వాము వాసన వస్తోంది. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఎరువు తక్కువైందా?
— ఒక పాఠకురాలు, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: ఎరువు తక్కువ కాలేదమ్మా. మీ కుండీలో ఉన్నది వామాకు. మన వైపు కొందరు కర్పూరవల్లి అంటారు, పిల్లలకు జలుబు చేస్తే రసం తీసి పట్టే ఆకు అదే. దాన్ని ఇంగ్లీషులో ‘ఇండియన్ బోరేజ్’ అని కూడా పిలుస్తారు. ముందున్న ఇండియన్ అనే మాట తీసేసి అమ్మితే మీలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇదే మోసం జరిగిందని ఇంకో ముగ్గురు రాశారు. డబ్బు పోయిందని కంటే, అసలు పువ్వు చూడకుండానే ఇంతేనా బోరేజ్ అనుకుంటారేమోనని నాకు బాధ.

వామాకు తులసి కుటుంబానిది. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, పువ్వు పూయడం అరుదు. బోరేజ్‌ది వేరే కుటుంబం, బొరాజినేసి. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు దాని పుట్టిల్లు. గింజ నుంచే రావాలి, ఒక్క కాపుతో దాని ఆయుష్షు తీరిపోతుంది. తేడా తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు, ఆకు మీద చెయ్యి పెడితే చాలు. వామాకు నూగు మెత్తగా ఉంటుంది. బోరేజ్ ఆకూ కాడా నిండా తెల్లటి బిరుసు వెంట్రుకలు, వేళ్లకు గుచ్చుకుంటాయి. నలిపితే కీర దోసకాయ కోసినప్పటి వాసన వస్తుంది.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఇంకో గుర్తుంది. పూలగుత్తి తేలు తోకలాగా చుట్ట చుట్టుకుని ఉంటుంది, పువ్వులు విచ్చుకునే కొద్దీ చుట్ట విడుతుంది. నేను కాలేజీలో బోటనీ చెప్పినన్నాళ్లూ ఈ పాఠం రోజు స్వర్ణముఖి గట్టు నుంచి తేలుకొండి రెమ్మలు కోసుకుని వెళ్లేదాన్ని. ఒక్కో బెంచీకి ఒక రెమ్మ. పేరులోనే తేలు ఉంది కదా, పిల్లలు జన్మలో మర్చిపోరు. చెనిక్కాయ చేల గట్ల మీద గువ్వగుత్తి చూసే ఉంటారు, తల కిందికి వేలాడేసి లేత నీలంగా పూస్తుంది. తమిళం మాట్లాడే ఊళ్లల్లో దాన్ని బోర్లించిన తుమ్మి అనే అర్థంలో కవిళ్ తుంబై అంటారు. అదీ ఈ ఇంటి పిల్లే. బోరేజ్ పువ్వు కూడా అలాగే నేల వైపు చూస్తుంది.

మీ వామాకు తీసి పారేయకండి. బజ్జీలకు అంత మంచి ఆకు ఇంకోటి లేదు.

ప్రశ్న: అమ్మా, మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. బోరేజ్ ఆకు కషాయం తాగితే ఒంట్లో వేడి తగ్గుతుందనీ, మనసు కుదుటపడుతుందనీ, యునానీలో గావ్‌జబాన్ అనేది ఇదేననీ ఒక వీడియోలో చెప్పారు. మా బంధువుల మిద్దె మీద ఈ మొక్క ఉంది. రోజూ ఒక గ్లాసు ఇవ్వొచ్చా? పూలు కూడా తినొచ్చంటున్నారు.
— గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వద్దు తల్లీ. ఒక్క గ్లాసు కూడా వద్దు.

బోరేజ్ ఆకులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలు ఉన్నాయి. ఇవి లివర్‌ను దెబ్బతీస్తాయి. ఆకులో ఉన్నది కొద్దిగానే, కానీ రోజూ తాగితే ఆ దెబ్బ మీద దెబ్బ చేరుతూ పోతుంది. నీళ్లలో కాచితే అవి పోవు, కషాయంలోకి దిగుతాయి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లలూ, ఇదివరకే లివర్ జబ్బు ఉన్నవాళ్లూ దీన్ని నోట్లో పెట్టకూడదు. ఈ కుటుంబంలోనే కాంఫ్రీ అని ఒక మొక్క ఉంది. ఒకప్పుడు దాన్ని మాత్రలుగా చేసి అమెరికాలో తెగ అమ్మేవాళ్లు. ఇవే ఆల్కలాయిడ్ల వల్ల 2001లో ఆహారం, మందుల సంగతి చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని మార్కెట్ నుంచి తీసేయమని కంపెనీలకు చెప్పింది.

ఇక గావ్‌జబాన్ సంగతి. పారసీలో గావ్ అంటే ఆవు, జబాన్ అంటే నాలుక. గరుకు ఆకు చూసి పెట్టిన పేరు. సంస్కృతంలో గోజిహ్వ అన్నా అదే అర్థం. మన దేశంలో మూలికల కొట్లలో ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది హిమాలయాల వైపు పెరిగే ఓనోస్మా అనే మొక్క. ఇరాన్‌లో అదే పేరుతో అమ్మేది ఎకియం అనే ఇంకో మొక్క పువ్వు. బోరేజ్‌తో కలిపి మూడూ ఒకే కుటుంబం, మూడూ గరుకు ఆకులే, కానీ మూడూ వేరు వేరు. ఒకదాని గుణం తెచ్చి ఇంకోదానికి అంటగట్టి చెప్పే వీడియోలు చూస్తే నాకు కోపం వస్తుంది. చెప్పినవాళ్లు చెప్పి వెళ్లిపోతారు. గ్లాసు పట్టుకునేది మీ కోడలు.

యూరప్‌లో తినడం లేదా అని మీరు ఫోన్‌లో అడిగారు. తింటారు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఊరి వాళ్లు ఏడు రకాల ఆకులతో ఒక పచ్చటి చట్నీ చేస్తారు, అందులో లేత బోరేజ్ ఆకు ఒకటి. అది ఎప్పుడో ఒకసారి, ఏడింట ఒక వంతు. రోజూ గ్లాసెడు కషాయం దానికి సాటి కాదు. పువ్వులను మంచుగడ్డల్లో గడ్డకట్టించి షర్బత్‌లో వేసుకునే అలవాటు కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో రెండు పువ్వులు వేసుకుంటే నేను అడ్డు చెప్పను. మీ కోడలికి మాత్రం కాన్పై, బిడ్డ పాలు మానేదాకా అదీ వద్దు. బోరేజ్ గింజల నుంచి తీసే నూనె క్యాప్సూల్స్ మందుల షాపుల్లో కనబడతాయి, గామా లినోలెనిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఆమ్లం ఉంటుందని వాటికి పేరు. వాటిని కూడా కాన్పు చూసే డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకండి.

ఒంట్లో వేడికి మన ఇళ్లల్లో పల్చటి మజ్జిగ ఉంది, సబ్జా గింజలు ఉన్నాయి, రాగి అంబలి ఉంది. టెన్షన్‌గా ఉంటోందంటే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందని అడగండి. తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి.

ఈ ఆల్కలాయిడ్లు కొన్ని సీతాకోకచిలుకలకు మాత్రం కావాలి. ఎండిన తేలుకొండి మొక్క మీద నల్లటి రెక్కల మీద లేత నీలం చారలున్న సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉండటం చూశారా? దాదాపు అన్నీ మగవే. ఆ రసం పీల్చి, దానితో ఆడవాటిని పిలిచే వాసన తయారుచేసుకుంటాయి. తిన్న పక్షికి చేదు తగిలేదీ దానివల్లే. వాటి బతుకుకు సరిపోయింది మన లివర్‌కు సరిపోదు.

ప్రశ్న: ఏప్రిల్‌లో బోరేజ్ గింజలు చల్లితే మొలిచిన వారానికే మాడిపోయాయి. జూలైలో ట్రేలో పోసి, నాలుగాకులు రాగానే కుండీల్లోకి మార్చాను, తలలు వాల్చేశాయి. ఇంకా పదిహేను గింజలు ఉన్నాయి. ఈసారి పోగొట్టుకోదలచుకోలేదు. మొదటి నుంచీ చెప్పండి.
— కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: పదిహేను గింజలు చాలా ఎక్కువన్నా. సరిగ్గా వేస్తే మీ మిద్దెకు నాలుగు మొక్కలు చాలు.

మీరు చేసిన రెండు పొరపాట్లూ నేనూ చేశాను. బెంగళూరులో లాల్‌బాగ్ దగ్గర కొట్టులో కొన్న మొదటి ప్యాకెట్‌ను అచ్చం మీలాగే ట్రేలో పోశాను. పన్నెండు మొలిచాయి, మార్చాక మూడు మిగిలాయి. పీకిన మొక్కను చేతిలో పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. బోరేజ్‌కు ముల్లంగి లాగా తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది. మొక్క బెత్తెడు ఎత్తు లేకముందే వేరు అంతకంటే లోతుకు పోయి ఉంటుంది. మార్చేటప్పుడు ఆ వేరు కొస తెగితే ఇక లేవదు. అందుకని ఎక్కడ పూయాలో అక్కడే విత్తాలి.

రెండో ఏడు నేరుగా మట్టి నింపిన గ్రో బ్యాగుల్లోనే వేశాను. కానీ నవంబర్ మొదటి వారంలో వేశాను. 2021 అది. నవంబర్ 18న తిరుపతిలో కురిసిన వాన ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేరు. మా బైరాగిపట్టెడ వీధిలో నీళ్లు మోకాళ్లు దాటాయి, మిద్దె తూములో ఆకులు అడ్డుపడి పైన కూడా నీళ్లు నిలిచాయి. వాన వెలిశాక పైకి వెళ్లి చూస్తే ఒక్క మొక్క కాడ గట్టిగా లేదు, అన్నీ అడుగున కుళ్లి మెత్తబడ్డాయి. ఊళ్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి సామాన్లు పోయినవాళ్లున్నారు, నాలుగు మొక్కల గురించి ఏడవకూడదు. కానీ ఆ ఏడు నేర్చుకున్నది ఇప్పటిదాకా పనికొస్తోంది.

మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. దసరా దాటాక మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. బోరేజ్‌కు చల్లదనం కావాలి, కానీ కాళ్ల కింద నీళ్లు నిలవకూడదు. ఈ రెండూ కలిసే సందు చిన్నది. నేను ఇప్పుడు రెండు విడతలుగా వేస్తున్నాను. మొదటిది కార్తీక పౌర్ణమి దాటాక, రెండోది దానికి మూడు వారాల తర్వాత. తుపాను వచ్చి ఒకటి పోయినా ఇంకోటి దక్కుతుంది. మీ పదిహేనులో ఆరు మొదటి విడతకు, ఆరు రెండో విడతకు, మూడు దాచిపెట్టండి.

గ్రో బ్యాగు కనీసం అడుగు లోతు ఉండాలి, అడుగున రంధ్రాలు బాగా ఉండాలి. నా మట్టి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. అంతకంటే బలం వద్దు. చెనిక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తే మొక్క ఏనుగు చెవుల్లాంటి ఆకులు వేసి కూర్చుంటుంది, పువ్వు వెనకబడుతుంది. బ్యాగుకు మూడు గింజలు, ఒక్కోటి గోరు మునిగేంత లోతున. పైన మట్టి కప్పడం మర్చిపోవద్దు, దీని గింజ చీకట్లో బాగా మొలుస్తుంది. వారం పది రోజుల్లో దళసరి బీజదళాలు రెండు బయటికొస్తాయి. మూడూ మొలిస్తే బలమైనది ఒకటి ఉంచి, తక్కినవి కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

విత్తిన రాత్రే చీమలు వస్తాయి, ఇది గుర్తుపెట్టుకోండి. గింజ ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటుంది. చీమలకు అదంటే ఇష్టం, గింజతో సహా మోసుకుపోతాయి. అడవిలో అయితే అలా మోసుకుపోవడం మొక్కకు మేలు, మన మిద్దె మీద మాత్రం గింజ నష్టం. నేను బ్యాగులను నీళ్లు పోసిన పళ్లేల మధ్య ఇటుకల మీద పెడతాను, మొలక కనబడగానే తీసేస్తాను.

తర్వాత పెద్ద పని లేదు. మట్టి పైపొర ఆరితేనే నీళ్లు. కాడ లోపల బోలుగా ఉంటుంది, రెండడుగులు దాటాక గాలికి విరుగుతుంది, ఒక వెదురు పుల్లకు వదులుగా కట్టండి. పేనుబంక పడితే నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది. వేపనూనె కొట్టాల్సి వస్తే చీకటి పడ్డాకే కొట్టండి, పొద్దున తేనెటీగలు ఉంటాయి.

విత్తిన రెండు నెలలకు పువ్వు. సంక్రాంతి దాటాక మొదలై శివరాత్రికి మొక్క మొక్కంతా నీలం అవుతుంది. మార్చిలో మధ్యాహ్నం గ్రీన్ నెట్ కడితే ఇంకో మూడు వారాలు నిలబడుతుంది. ఆ తర్వాత ఎంత కష్టపడినా లాభం లేదు. గంగజాతర నాటికి మన ఎండల్లో అది ఉండదు, ఉండమని అడగడం కూడా న్యాయం కాదు. ఒక్కో పువ్వు రాలాక దాని గిన్నెలో నాలుగు గింజలు ఏర్పడతాయి. నల్లబడిన రోజే ఏరుకోవాలి, లేకపోతే రాలిపోతాయి. వాటిని కాగితం పొట్లంలో కట్టి చల్లటి చోట పెట్టుకుంటే వచ్చే కార్తీకానికి కొనే పని లేదు.

పక్కన కూరగాయలు వేయాలనుకుంటే దోస, గుమ్మడి, కాకర వేయండి. బోరేజ్ కోసం వచ్చిన జుంటీగలు ఆ పువ్వుల మీదా వాలతాయి, పిందె బాగా పడుతుంది. బీర, సొర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పటికి తేనెటీగలు గూటికి పోయే వేళ. వాటికి ఈ సాయం అంతగా అందదు.

ప్రశ్న: మాది పలమనేరు, తిరుపతి కంటే చల్లన. ఫర్గెట్ మి నాట్ వేయొచ్చా? నర్సరీలో ఆ పేరుతో నేల మీద పాకే నీలం పూల మొక్క ఇచ్చారు, అదేనా?
— పలమనేరు

జవాబు: పాకే మొక్క అంటున్నారు, ఆకు బూడిద పచ్చగా, పువ్వు చిన్న గరాటులాగా ఉంటే అది మన విష్ణుక్రాంతకు దగ్గరి చుట్టం, ‘బ్లూ డేజ్’ అని అమ్ముతారు. ఎండకు బాగా తట్టుకుంటుంది, ఉంచుకోండి. అసలు ఫర్గెట్ మి నాట్ బోరేజ్ కుటుంబమే. పువ్వు అర అంగుళం కూడా ఉండదు, మధ్యలో పసుపు కన్ను ఉంటుంది. దాని శాస్త్రీయ నామం మయోసోటిస్, గ్రీకులో ఎలుక చెవి అని అర్థం, ఆకు ఆకారం చూసి పెట్టారు. చలి, తడి రెండూ కావాలి దానికి. పలమనేరులో కూడా ఫిబ్రవరి దాటితే కష్టం. మీకు ఆ రంగే కావాలంటే దాని చుట్టమైన చైనీస్ ఫర్గెట్ మి నాట్, అంటే సైనోగ్లోసమ్ గింజలు తెచ్చి నవంబర్‌లో చల్లండి. అది కాస్త మొండిది.

ప్రశ్న: నేను ఏడో తరగతి చదువుతున్నాను. మా పెద్దమ్మ వాళ్ల బోరేజ్ చెట్టుకు గులాబీ రంగు పూలు, నీలం పూలు రెండూ ఉండేవి. ఒకే చెట్టుకు రెండు రంగులు ఎలా వస్తాయి?
— శ్రీకాళహస్తి

జవాబు: భలే గమనించావు నాన్నా. అవి రెండు రకాల పూలు కావు, ఒకే పువ్వు వయసు తేడా. మొగ్గ గులాబీ రంగులో ఉంటుంది, విచ్చుకుని పెద్దదవుతుంటే నీలంగా మారుతుంది. పువ్వులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంది. చుట్టూ ఉన్న రసం పుల్లగా ఉంటే అది ఎర్ర వైపు తిరుగుతుంది, పులుపు తగ్గితే నీలం వైపు తిరుగుతుంది. మొగ్గలో పులుపు ఎక్కువ, పువ్వులో తక్కువ.

నీ అంతట నువ్వే చూడొచ్చు. ఇప్పుడు బోరేజ్ కాలం కాదు కనుక ముందు శంఖుపుష్పంతో చెయ్యి. అది చిక్కుడు కుటుంబం, కానీ రంగు పదార్థం అదే జాతిది. ఐదు పువ్వులు వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలం అవుతాయి, వేడినీళ్లు పెద్దమ్మను పోయమను. ఆ నీళ్లు రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం నాలుగు చుక్కలు వెయ్యి, ఇంకోదాన్ని అలాగే ఉంచు. సంక్రాంతి తర్వాత పెద్దమ్మ ఇంట్లో బోరేజ్ పూస్తే ఒక నీలం పువ్వును నేరుగా నిమ్మరసంలో వేసి చూడు. రెండింటికీ ఏ రంగు వచ్చిందో, ఏది త్వరగా మారిందో గడియారం చూసి రాసుకుని నాకు పంపు.